పునీతుడి బండికి రెండు ఫ్యాన్లు

ఫిలిమోన్ కిన్తానా అరవై రెండేళ్ల జీవితంలో కుర్చీలో కూర్చున్న సమయమంతా కలిపితే ఒక పూటకి మించదు. అందులోనూ సగం క్షవరానికే పోయింది. అతని పెళ్లిలో తీసిన ఫొటోలు పదకొండు. పదకొండింటిలోనూ పెళ్లికూతురు ప్రెసిలియానా కళ్లు చక్కగా తెరిచి నవ్వుతూ ఉంటుంది, పక్కన ఒక మసక మచ్చ ఉంటుంది. ఆ మచ్చే పెళ్లికొడుకు. అతను నిద్రలో కూడా ఒక కాలు ఆడిస్తాడనీ, ఆ కుదుపుకి మంచం ఏడాదికి ఒక గది చొప్పున జరుగుతుందనీ ప్రెసిలియానా అంటుంది. ఇప్పుడు వంటింటి గుమ్మం దగ్గర ఉంది. నమ్మనివాళ్లు వచ్చి చూసుకోవచ్చు.

ఇలాంటి మనిషికి దేవుడు ఈ లోయలోకెల్లా నెమ్మదైన కారునిచ్చాడు. ఎస్పన్యోలా లోయలో కారు ఎంత వేగంగా పోతుందని ఎవరూ అడగరు, ఎంత నెమ్మదిగా పోగలదని అడుగుతారు. ఆ లెక్కన ఫిలిమోన్ గారి అరవై మూడు మోడల్ ఇంపాలా మహారాణి. పైకప్పు లేనిది, పండిన రేగుపండు రంగుది, నేలకి నాలుగు వేళ్ల ఎత్తున పాకుతుంది. దాని పేరు చపులీన్, అంటే మిడత. వయసులో ఉన్నప్పుడు ఎగిరేది, ఇప్పుడు మానేసింది. అది వాళ్ల ఊరు సెబోయా రోడ్డు మీద పోతుంటే బల్లులు దాని నీడలో నడిచి పక్క ఊరు చేరుకునేవి. ఒక ముసలి బల్లి మధ్యలో ఆగి, ఊపిరి పీల్చుకుని, తాపీగా వచ్చి మళ్లీ నీడ అందుకునేది.

ఊళ్లో ఫిలిమోన్ మాటని పట్టించుకునేవాళ్లు లేరు. మాట పూర్తయ్యేలోపల మనిషి అక్కడ ఉంటే కదా. కానీ ఏడాదిలో ఒక్క గంట మాత్రం ఊరంతా అతన్ని గౌరవంగా చూసేది. మే పదిహేనున పునీత ఇసీద్రో పండగ. రైతుల పునీతుడు ఆయన. చెక్కతో చెక్కిన స్వరూపం, రెండున్నర అడుగుల ఎత్తు, తలమీద టోపీ, ముందు అరచేతంత ఎడ్ల జత, పక్కన నాగలి పట్టిన దేవదూత. చర్చి నుంచి కాలువ తల దగ్గరి తూము దాకా రెండు మైళ్లు ఆయన్ని పొలాలన్నీ చూపిస్తూ తీసుకెళ్లాలి. మోసేవాళ్ల మోకాళ్లు అరిగిపోయాక, నాలుగేళ్లుగా ఆయన చపులీన్ వెనక సీటు మీద ఊరేగుతున్నాడు. ఆ గంటసేపూ స్టీరింగ్ పట్టుకున్న ఫిలిమోన్‌కి పిల్లలు దండం పెట్టేవాళ్లు, పెద్దలు టోపీ తీసేవాళ్లు. అవి పునీతుడికని అతనికి తెలుసు. కానీ దారిలో తనూ ఉన్నాడు కదా, కాస్త తన మీద కూడా పడేవి.

పోయిన ఏడు ఆ గంటే గంగలో కలిసింది. మైలున్నర దాటాక బానెట్ కింద నుంచి బుస్సుమని ఆవిరి లేచింది. వెనక వరసలో నడుస్తున్న ముసలమ్మలు సాంబ్రాణి పొగ అనుకుని దారిలోనే మోకాళ్ల మీద పడ్డారు. పునీతుడి బుగ్గల రంగు కరిగి, ఎండదెబ్బ తగిలినవాడిలా అయ్యాడు. మిగతా అరమైలూ ఆరుగురు మగవాళ్లు ఆయన్ని మోశారు. వాళ్లు దారిలో ఎత్తుకున్న పాటల్లో కొన్ని ప్రార్థన పుస్తకంలో లేవు.

ఆ సాయంత్రమే దోన్య రుమాల్దా తీర్పు చెప్పింది. ఊరంతా తియా, అంటే అత్తా, అని పిలిచే ఎనభై నాలుగేళ్ల ఈ ముసలావిడ ఆ ఏటి పండగ పెద్ద. పండగ పెద్ద ఎవరైతే వాళ్లదే ఊరేగింపు మీద పెత్తనం. ఆవిడకి మరుసటి ఏడు కూడా ఒప్పజెప్పారు, ఎందుకంటే వద్దనే ధైర్యం ఎవరికీ లేదు.

"ఫిలిమోన్, ఇంకొక్కసారి చూస్తాను. మళ్లీ పొగ వచ్చిందనుకో, ఆయన తొరీబియో ట్రక్కెక్కుతాడు. ఇక దిగడు."

"పొగ కాదు తియా, ఆవిరి."

"నాకు దగ్గొచ్చింది. కాబట్టి పొగే."

తొరీబియో ప్రెసిలియానా తమ్ముడు. ఫిలిమోన్‌కి బావమరిది. కొత్త తెల్ల ట్రక్కు కొన్నాడు. దాన్ని రోజూ తుడుస్తాడు, తుడిచిన గుడ్డని కూడా తుడుస్తాడు.

"బావా, ఎనిమిది కప్పులు పెట్టుకునే చోట్లున్నాయి నా బండిలో," అన్నాడు ఫిబ్రవరిలో ఒకరోజు, పోసోలే అనే మొక్కజొన్న పులుసు గిన్నె ముందు పెట్టుకుని.

"ఆయన తాగడం మానేసి తొమ్మిది వందలేళ్లయిందిరా."

"చల్లగాలి కూడా వస్తుంది."

"అది నీ మొహానికి వస్తుంది. ఆయన వెనక తొట్టిలో కదా కూర్చునేది, దూడలా."

"తొట్టే కావచ్చు బావా. తూము దాకా పోయే తొట్టి."

ఫిలిమోన్ గిన్నె సగంలో వదిలి లేచిపోయాడు. లేవడానికి అతనికి కారణం అక్కర్లేదు కానీ, ఈసారి కారణం ఉంది.

షెడ్డులో బానెట్ ఎత్తి చుట్టూ తిరిగాడు. తప్పు ఎక్కడుందో అతనికి తెలియనిది కాదు. పాత కారులో ఫ్యాను ఇంజిన్ ముక్కుకే బిగించి ఉంటుంది. ఇంజిన్ పరిగెడితే అదీ పరిగెడుతుంది, ఇంజిన్ కునికితే అదీ కునుకుతుంది. రహదారి మీద ఎదురుగాలే రేడియేటర్ని చల్లబరుస్తుంది కాబట్టి దాని అవసరం ఉండదు. ముసలమ్మల నడక వేగంలో ఎదురుగాలి ఎక్కడిది? సరిగ్గా గాలి కావలసిన వేళ ఆ ఫ్యాను ఈగని కూడా తోలలేదు. ఇంజిన్‌తో సంబంధం లేకుండా కరెంటు మీద తిరిగే ఫ్యాను కావాలి.

మర్నాడే పాత కార్ల దొడ్డికి పోయి, పెద్ద సెడాన్ ఒకదాని పొట్టలోంచి జంట ఫ్యాన్లు ఊడబీక్కొచ్చాడు. రేడియేటర్ వెనక వాటికి రేకు చట్రం కట్టాడు, గాలి పక్కల నుంచి తప్పించుకోకుండా అంచులకి రబ్బరు కుట్టాడు. మీట వేయగానే షెడ్డు తలుపు దానంతటదే మూసుకుంది. పక్కింటి కోడి ఒకటి గ్రిల్లుకి అతుక్కుపోయి, ఫ్యాన్లు ఆపేదాకా అక్కడే ఉండి, అక్కడే గుడ్డు పెట్టిందని ఊళ్లో చెప్పుకుంటారు. రెండు గుడ్లని కూడా అంటారు. అంత అబద్ధం చెప్పడం మాకిష్టం లేదు. ఒకటే.

ఇంజిన్ చల్లగా ఉంది. ఫిలిమోన్ దాన్ని పెరట్లో ఊరికే తిప్పుతూ వదిలి, చుట్టూ ప్రదక్షిణలు చేశాడు. ఇరవై నిమిషాలకి రేడియోలో పాడుతున్నావిడ గొంతు నూతిలోకి దిగింది. ముప్పై నిమిషాలకి దీపాలు ఎర్రబడ్డాయి. నలభై నిమిషాలకి చపులీన్ ఒకసారి తుమ్మి ఆగిపోయింది.

ప్రెసిలియానా వంటింటి కిటికీలోంచి చూసింది.

"చల్లబడిందా?"

"పూర్తిగా."

"శవం కూడా చల్లగానే ఉంటుంది. లోపలికి రా, తోర్తియా రొట్టె ఆరిపోతోంది."

లోపలికి రాలేదు. కారణం ఇంకోటి దొరికింది కదా. కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ కూడా ఇంజిన్ బెల్టు మీదే బతుకుతుంది. చపులీన్‌తో పాటు పుట్టిన ఆ ఆల్టర్నేటర్ వయసులో ఉండగా, అదీ రహదారి మీద పరిగెడితే, ముప్పై ఏడు ఆంపియర్లు ఇచ్చేది. నడక వేగంలో పది ఇస్తే పండగ. కొత్త ఫ్యాన్లు రెండూ కలిసి తినేది ముప్పై అయిదు. తక్కువైనదంతా బ్యాటరీ తన ఒంట్లోంచి ఇస్తుంది. ఎంతసేపని ఇస్తుంది?

మార్చి, ఏప్రిల్ నెలలు ఈ లెక్కకే పోయాయి. ఫిలిమోన్ అన్నం నిలబడి తిన్నాడు, కాఫీ నడుస్తూ తాగాడు, ఒప్పుకోలుకి వెళ్లి పాపాల మధ్యలో ఫాదర్‌ని ఆంపియర్ల గురించి అడిగాడు. చివరికి నూట నలభై ఆంపియర్ల ఆల్టర్నేటర్ ఒకటి సంపాదించాడు. దాని కప్పీ తీసేసి చిన్న కప్పీ వేశాడు, ఇంజిన్ కునుకుతున్నా అది గిరగిర తిరగాలని. పాత సన్న వైరు ఆ కరెంటుకి పొయ్యిలో పడ్డ మిరపకాయలా మాడిపోతుందని, చిటికెన వేలంత లావు వైరు నేరుగా బ్యాటరీకి లాగాడు, మధ్యలో పెద్ద ఫ్యూజు పెట్టాడు. ఒకే ఒక్క వైరుతో పనిచేసే రకం అది. మీటర్ల పలకలోకి, తాళంలోకి వేరే వైర్లేమీ పోవు. పాములపుట్టలా ఉన్న పాత వైర్లు చూసి చూసి విసిగినవాడికి ఆ ఒంటి వైరు ముద్దొచ్చింది. స్టీరింగ్ పక్కన చిన్న వోల్టు మీటరు కూడా పెట్టాడు.

పద్నాలుగు సార్లు పరీక్షించాడు. కీ తిప్పడం, కాలితో యాక్సిలరేటర్ ఒక్క తొక్కు తొక్కడం, చపులీన్ గర్జించడం, ముల్లు పద్నాలుగు మీదికి పోయి కూర్చోవడం. గంటన్నర ఊరికే తిప్పినా కదల్లేదు. ఫ్యాన్లు ఈల వేశాయి, దీపాలు వెలిగాయి, రేడియోలో ఆవిడ ఊపిరి తీసుకోకుండా పాడింది. తొరీబియో వచ్చి చూసి, వెళ్లి తన ట్రక్కు తుడుచుకున్నాడు.

పండగ రోజు పొద్దున్నే ఫిలిమోన్ కారుని చర్చి ముందు పెట్టి ఇంజిన్ ఆపేశాడు. పూజయ్యేసరికి ఎండ ముదిరింది. ఆడవాళ్లు వెనక సీటు మీద తెల్లటి అల్లిక గుడ్డ పరిచి, పునీతుణ్ని కూర్చోబెట్టి, రిబ్బన్లతో కట్టారు. కాగితం పువ్వులు గ్రిల్లుకి కడతామంటే ఫిలిమోన్ అడ్డుపడ్డాడు.

"అక్కడొద్దమ్మా, అక్కడ గాలి పీలుస్తుంది."

"కారుకి ముక్కు కూడా ఉందా?"

"నీ ముక్కుకి పువ్వులు కట్టి రెండు మైళ్లు నడవమంటే నడుస్తావా?"

వెనక, మర్యాదగా ఇరవై అడుగుల దూరంలో, తొరీబియో ట్రక్కు నిలబడింది. తొట్టిలో తెల్ల దుప్పటి పరిచి ఉంది. నాలుగు మూలలా పువ్వులున్నాయి.

"అదేంట్రా?"

"ఏం లేదు బావా. ఊరికే. దుప్పటి ఆరేశా."

దోన్య రుమాల్దా పండగ పెద్ద చేతికర్ర పట్టుకుని ముందుకొచ్చింది. "జపమాల మొదలెడుతున్నాం. నా చెవికి దేవమాత ప్రార్థన ఒక్కటే వినబడాలి. బండి చప్పుడు వినబడకూడదు."

ఫిలిమోన్ వెనక్కి తిరిగి చూశాడు. పునీతుడు రెండడుగుల దూరంలో, తన మెడ మీద ఊపిరి వదులుతున్నంత దగ్గరగా ఉన్నాడు. జీవితంలో మొదటిసారి ఫిలిమోన్ కాలు కుదురుగా నిలబడింది. కీని గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకుని తిప్పాడు. చపులీన్ పిల్లిలా గురగురమంది. ఒక్క తొక్కు కూడా తొక్కలేదు. దోన్య రుమాల్దా తల ఊపింది. ఊరేగింపు కదిలింది.

మొదటి పొలం, రెండో పొలం. ఫాదర్ నీళ్లు చల్లాడు, ఆడవాళ్లు పాట ఎత్తారు. ఇంజిన్ వేడి చూపే ముల్లు మధ్యలో బుద్ధిగా ఉంది. ఫిలిమోన్ నవ్వుకుంటూ వోల్టు మీటరు వైపు చూశాడు. పన్నెండున్నర.

అలా ఉండకూడదు.

మీటరు అద్దం మీద వేలితో కొట్టాడు. పన్నెండున్నరే. కాసేపటికి పన్నెండుంబావు. వైరు ఊడిందా? ఊడితే చప్పుడొచ్చేది. బెల్టు తెగిందా? తెగితే ఇంజిన్ ఈపాటికి కాగిపోయేది. పన్నెండు. కుడి మోకాలు ఆడటం మొదలుపెట్టింది. మిరప పొలం దగ్గర ఆగారు. ఫ్యాన్ల ఈల గొంతు మారి మూలుగయింది. వేడి ముల్లు ఒక గీత లేచింది. పదకొండున్నర. వెనక తొరీబియో ట్రక్కు ఇరవై అడుగులు కాస్తా పది అడుగులయింది.

పద్నాలుగు సార్లు పనిచేసింది, ఈసారెందుకు చేయదు? ఆ పద్నాలుగు సార్లూ ఏం చేశాడు, ఈసారి ఏం చేయలేదు? ఫిలిమోన్ తన కాలి వైపు చూసుకున్నాడు. ఒంటి వైరు ఆల్టర్నేటర్‌కి తాళంతో సంబంధం లేదు. ఇంజిన్ తిరుగుతోందని దానికి చెప్పేవాళ్లు లేరు. ఒక్కసారి జోరుగా తిప్పితేనే మేలుకుంటుంది. మేలుకున్నాక ఎంత నెమ్మదైనా పనిచేస్తుంది. ఇంజిన్ ఆపితే మళ్లీ పడుకుంటుంది. పెరట్లో ప్రతిసారీ అతని గుర్రపు కాలు తెలియకుండానే దాన్ని లేపింది. ఇవాళ భక్తితో లేపలేదు. ఆ నూట నలభై ఆంపియర్ల మొనగాడు పొద్దుట్నుంచీ హాయిగా నిద్రపోతున్నాడు.

ఒక్క తొక్కు చాలు. కానీ చపులీన్ పొగగొట్టాలు ఎలాంటివంటే, అది గర్జిస్తే అయిదు మైళ్ల అవతల ఎస్పన్యోలా పట్నంలో కుక్కలు లేచి నిలబడతాయి. పునీతుడి ముందు, జపమాల మధ్యలో. తొక్కితే దోన్య రుమాల్దా ఇక్కడే దింపేస్తుంది. తొక్కకపోతే ఇంకో పావుగంటలో ఆవిరి దింపేస్తుంది.

ప్రెసిలియానా కారు పక్కనే పాడుతూ నడుస్తోంది. ఆ ఊళ్లో పెద్ద గొంతు ఆమెదే.

"ప్రెసీ," అన్నాడు పళ్ల మధ్య నుంచి. "గట్టిగా పాడు."

"గట్టిగానే పాడుతున్నా."

"ఇంకా గట్టిగా. నేనొకసారి తొక్కాలి."

ఆమె నడుస్తూనే అతని మోకాలు చూసింది, మీటరు చూసింది, వెనక దుప్పటి పరిచిన ట్రక్కు చూసింది. నలభై ఏళ్ల కాపురంలో ఆ మనిషి అనుమతి అడగడం ఇదే మొదలు.

"పల్లవి దగ్గర. నేను చెయ్యెత్తినప్పుడు. ఒక్కసారే."

పల్లవి వచ్చింది. ప్రెసిలియానా చెయ్యెత్తి, ఊపిరంతా లాగి, కొండ అవతలి ఊరివాళ్లు కూడా వంత పాడేంత గట్టిగా అందుకుంది. ఆడవాళ్లందరూ ఏం జరుగుతోందో తెలియకుండానే గొంతు కలిపారు. ఫిలిమోన్ గేరు తీసి తొక్కాడు.

ఆ చప్పుడు గురించి ఊళ్లో చాలా చెబుతారు. కాలువ నీళ్లు ఒక క్షణం ఎగువకి పారాయనీ, మిరప మొక్కలు నెల ముందే పూశాయనీ అంటారు. మనం చూసింది మాత్రం చెబుదాం. పాట తెగిపోయింది. చెక్క ఎడ్లలో ఒకటి దొర్లి ఫిలిమోన్ ఒళ్లో పడింది. ఫాదర్ చేతిలో తీర్థపు గిన్నె ఫాదర్ మీదే ఒలికింది. ముల్లు పద్నాలుగు మీదికి లేచింది, ఫ్యాన్లు ఈల అందుకున్నాయి.

దోన్య రుమాల్దా వెనక్కి తిరిగి, కర్ర పొడుచుకుంటూ కారు దాకా నడిచొచ్చింది.

"ఏంటది?"

"నిద్రపోతున్నవాణ్ని లేపాను తియా."

"ఎవర్ని?"

"కరెంటు చేసేవాణ్ని. లేపకపోతే పోయిన ఏడులాగే అయ్యేది. తిట్టాలంటే తిట్టండి. కానీ ఆయన్ని దించకండి. చూడండి, చల్లగా ఉంది."

ఆవిడ అరచెయ్యి బానెట్ మీద పెట్టింది. చాలాసేపు పెట్టింది. ఫిలిమోన్ రెండు మోకాళ్లూ పోటీపడి ఆడాయి. వెనక తొరీబియో ట్రక్కు తలుపు తెరిచిన చప్పుడైంది.

"తలుపు వేసుకో తొరీబియో," అంది ఆవిడ చూడకుండానే. "ఎద్దుని దాని చోట పెట్టు ఫిలిమోన్. జపమాలలో రెండో దశకం. పరలోకమందున్న..."

తూము దగ్గరికి ఆవిరి లేకుండా చేరారు. పునీతుణ్ని దింపి నీళ్లకి చూపించారు. ఫిలిమోన్ ఇంజిన్ ఆపి, కారు చుట్టూ ఎనిమిది సార్లు తిరిగాడు. తూము దగ్గరే కొత్త పండగ పెద్ద పేరు చెప్పడం ఆచారం. ఆ పేరు గలవాళ్లు అప్పటికప్పుడే కర్ర అందుకుని, తిరుగు ప్రయాణంలో స్వరూపం ముందు నడవాలి, వెనక్కి తిరిగి చూడకూడదు.

దోన్య రుమాల్దా బిస్కోచీతో అనే పండగ బిస్కెట్టు ఒకటి నమిలి మింగి, చేతులు దులుపుకుంది.

"ఫిలిమోన్ కిన్తానా, ప్రెసిలియానా."

అందరూ నోళ్లు తెరిచారు. ఫిలిమోన్ నోరు అందరికంటే పెద్దగా తెరుచుకుంది.

"మరి... తియా, కారు?"

"ఆయన నీ కారులోనే వస్తాడు. ఇవాళా, వచ్చే ఏడూ. ప్రార్థన మధ్యలో అంత మోత మోగించినందుకు నువ్వు మాత్రం నడు. నెమ్మదిగా. నా ముసలి కాళ్లకంటే ముందుకి ఒక్క అడుగు వేశావో, చూస్కో."

"నడిపేదెవరు?"

ఆవిడ కర్రతో చూపించింది. తొరీబియో తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాడు.

ఫిలిమోన్ కీ ఇవ్వడానికి మూడు సార్లు చెయ్యి చాచి మూడు సార్లు వెనక్కి తీసుకున్నాడు.

"విను. కీ తిప్పగానే గట్టిగా తొక్కు. ముల్లు పద్నాలుగుకి రావాలి."

"అందరి ముందా బావా? ఆయన వెనకాలే ఉంటాడు కదా!"

"అందుకే తొక్కమంటున్నా. నువ్వు మర్యాద చేశావంటే నా కారు పొగలు కక్కుతుంది."

"నాకు సిగ్గేస్తుంది."

"దుప్పటి పరిచినప్పుడు లేని సిగ్గు ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చిందిరా? తొక్కు."

కర్ర చేతికొచ్చింది. ఫిలిమోన్, ప్రెసిలియానా ముందు నిలబడ్డారు. పునీతుడు సీటెక్కాడు. వెనక కీ తిరిగింది. పిల్లిలా గురగురమంది. ఫిలిమోన్ చెవులు రెండూ వెనక్కి తిరిగాయి, మెడ మాత్రం తిరక్కుండా ప్రెసిలియానా అతని మోచెయ్యి పట్టుకుంది. ఒక అడుగు. రెండు అడుగులు. ఇంకా గురగురే.

"తొక్కడేంటే వాడు?"

"నడు."

"వాడు దేవుడికి భయపడుతున్నాడే."

"నువ్వు రుమాల్దాకి భయపడు. నడు."

అయిదో అడుగులో చిన్న గర్జన వినిపించింది, ఎవరో గుమ్మం అవతల గొంతు సవరించుకున్నట్టు.

"చాల్లేదు!" అని ఫిలిమోన్ ముందుకే చూస్తూ, కాలువ వైపు అరిచాడు.

మళ్లీ గర్జించింది. ఈసారి గట్టు మీద పిట్టలన్నీ లేచాయి. ఫ్యాన్లు ఈల అందుకున్నాయి.

"ఆఁ," అన్నాడు ఫిలిమోన్. దోన్య రుమాల్దా పక్కకి వచ్చేదాకా ఆగి, ఆవిడ కాలు పడిన తర్వాతే తన కాలు వేశాడు.